సైలెన్సర్ అనే పేరు చేసిన మోసం

మన మెకానిక్ షాపుల్లో ఎగ్జాస్ట్ అనే మాట పెద్దగా వినపడదు. "సైలెన్సర్ మార్చాలె అన్నా" అంటారు, అంతే. అమెరికావాళ్ళు అదే గొట్టాన్ని మఫ్లర్ అన్నారు. బ్రిటిష్‌వాళ్ళు సైలెన్సర్ అన్నారు, వాళ్ళ దగ్గర్నుంచి మనకొచ్చింది. రెండు పేర్లూ ఆ గొట్టం చేసే పనుల్లో ఒక్కదాన్నే చెబుతాయి: ఇంజన్ నోరు మూయించడం. అందుకే, నోరు మూసేదాన్ని పీకేస్తే ఇంజన్‌కి ఊపిరాడుతుందనీ, బండి గాల్లో పోతుందనీ ఒక నమ్మకం పుట్టింది. వందేళ్ళు దాటినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. పేరు తప్పుగా పెడితే ఎంత దూరం పోతుందో చూడాలంటే ఈ గొట్టం చరిత్ర చూస్తే చాలు.

అమెరికాలోనో జర్మనీలోనో అయితే ఈ కథకి హీరో స్పోర్ట్స్ కారు. ఆదివారం పూట ఇంటి గ్యారేజీలో కారుని జాకీల మీదకెత్తి, కిందకి దూరి, కంపెనీ గొట్టం విప్పి, బయట కొన్న గొట్టం బిగించుకోవడం అక్కడ ఒక సంస్కృతి. దాని చుట్టూ పెద్ద మార్కెట్టే ఉంది. మన వరంగల్‌లో గ్యారేజీలున్న ఇళ్ళెన్ని, స్పోర్ట్స్ కార్లెన్ని? ఇక్కడ ఆ పాత్ర బైకుది. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు ఊళ్ళూ కలిసిన ఈ నగరంలో ఇంటిముందు సిమెంటు గచ్చు మీద రెండు పానాలు, ఒక రేంచీ, ఒక పాత గుడ్డతో జరిగే పని అది. బుల్లెట్‌కి గానీ, ఆర్‌ఎక్స్ 100కి గానీ. అందుకే ఈ వ్యాసంలో కారు కాసేపు పక్కకి జరుగుతుంది.

మొదటి సంగతి: గొట్టాన్ని పక్కదారి పట్టించడం ఇప్పటి కుర్రాళ్ళు కనిపెట్టింది కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన మిల్టన్ రీవ్స్ తన సోదరుడితో కలిసి ఇంజన్ మఫ్లర్‌కి పేటెంట్ తీసుకున్నది 1897లో. హైరమ్ పెర్సీ మాక్సిమ్ తుపాకీ సైలెన్సర్‌కి 1909లో పేటెంట్ తీసుకున్నాడు. ఇంజన్లకి మఫ్లర్లు చేయడం కూడా ఆయన వ్యాపారంలో భాగమే. తుపాకీ, మోటారు, రెంటిదీ ఒకటే సమస్య: ఒక్కసారిగా బయటపడే వేడి వాయువు. దాన్ని గదుల్లో తిప్పి, నెమ్మదిగా వ్యాకోచించనిస్తే చప్పుడు తగ్గుతుంది.

ఈ మఫ్లర్లు వచ్చిన కొద్దికాలానికే వాటిని దాటవేసే సరుకూ వచ్చేసింది. దాని పేరు కటౌట్. మఫ్లర్‌కి ముందు గొట్టానికి ఒక చిన్న తలుపు, దానికి తీగ, డ్రైవర్ కాలి కింద పెడల్. తొక్కితే తలుపు తెరుచుకుని పొగంతా మఫ్లర్‌లోకి పోకుండా నేరుగా బయటకొస్తుంది. గుట్ట ఎక్కేటప్పుడు ఇంజన్‌కి కాస్త సాయమని చెప్పి అమ్మారు. జనం మాత్రం ఊళ్ళోకి వచ్చాక తొక్కేవాళ్ళు. నగరాలు ఒకటొకటిగా దాన్ని నిషేధించాయి. శక్తి కోసమని కొని, వినిపించడం కోసం వాడటం అన్న అలవాటు మోటారు కారంత పాతది.

ఇక రెండో సంగతి, నాకు ఈ చరిత్రంతటిలోకీ బాగా నచ్చినది. బుల్లెట్‌కి బయట దొరికే సైలెన్సర్ల పేర్లు మీకు తెలిసే ఉంటాయి: పంజాబ్, ఇండోరి, గోల్డ్‌స్టార్. మొదటి రెండూ మన దేశపు పేర్లే. మూడోది ఎక్కడిది?

ఇంగ్లండ్‌లో సర్రే ప్రాంతంలో 1907లో బ్రూక్‌లాండ్స్ అనే ట్రాక్ కట్టారు. మోటారు పందేల కోసమే ప్రత్యేకంగా కట్టిన ట్రాకుల్లో ప్రపంచంలో అది మొదటిది. గిన్నె అంచులా పైకి లేచిన కాంక్రీటు మలుపులు, వాటి మీద ఆనాటికి ఊహకందని వేగం. చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి మాత్రం అదొక నరకం. మొదట్నుంచీ ఫిర్యాదులే. రాత్రిపూట పందేలు ఆపేయాల్సి వచ్చింది. చివరికి 1929లో ఇరవైనాలుగు గంటల పందెం పెట్టాలనుకున్నప్పుడు దాన్ని పగలు పన్నెండు గంటల చొప్పున రెండు రోజులకి విడగొట్టి, దానికి డబుల్ ట్వెల్వ్ అని పేరు పెట్టారు. అంతకు ముందే, 1920లలో ఊరివాళ్ళు కోర్టుకెక్కారు. దాంతో పందెపు బళ్ళకి కూడా పెద్ద డబ్బాలాంటి సైలెన్సర్ తప్పనిసరైంది. దాన్ని బ్రూక్‌లాండ్స్ క్యాన్ అనేవారు.

ఆ ట్రాక్ మీద పందెంలో గంటకి వంద మైళ్ళకి మించిన వేగంతో ఒక చుట్టు పూర్తిచేసిన మోటార్‌సైకిలిస్టుకి ఒక చిన్న బ్యాడ్జి ఇచ్చేవాళ్ళు. బంగారు నక్షత్రం, అంటే గోల్డ్ స్టార్. 1937 జూన్‌లో వాల్ హాండ్లీ అనే రైడర్ బీఎస్ఏ కంపెనీ బండి మీద ఆ బ్యాడ్జి సాధించాడు. కంపెనీ తర్వాతి ఏడాది తెచ్చిన బండికి ఆ పేరే పెట్టుకుంది. గోల్డ్ స్టార్ 1960ల మొదట్లో ఆగిపోయేదాకా బ్రిటిష్ యువకుల కలల బండి. దాని సైలెన్సర్ ఆకారాన్ని అనుకరిస్తూ చేసినదే మన బజారులో దొరికే గోల్డ్‌స్టార్.

ఇప్పుడు వరసగా పెట్టి చూడండి. ఊరివాళ్ళు నిద్రపోవాలని కోర్టుకెళ్ళి, సైలెన్సర్ తప్పనిసరి చేయించిన ట్రాక్. ఆ ట్రాక్ మీద, ఆ నియమం కింద సాధించిన బ్యాడ్జి. ఆ బ్యాడ్జి పేరుతో ఒక బండి. ఆ బండి పేరుతో ఇక్కడ ఒక గొట్టం. ఆ గొట్టాన్ని మనవాళ్ళు కొనేది ఊరంతా వినపడాలని! పేరు ఏడు వేల కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసింది. పేరు వెనక ఉన్న ఒప్పందం మాత్రం అక్కడే ఆగిపోయింది. వేగం కావాలంటే పొరుగువాడి చెవితో రాజీపడాలి అన్నదే ఆ ఒప్పందం.

బుల్లెట్ కూడా అలాంటి ప్రయాణికురాలే. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో 1932లో పుట్టిన పేరు. మన సైన్యం కోసం 1950ల మొదట్లో వందల సంఖ్యలో తెప్పించాక, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూర్‌లో బళ్ళు తయారవడం మొదలైంది. కన్నతల్లి కంపెనీ ఇంగ్లండ్‌లో మూతపడినా ఇక్కడి బిడ్డ బతికింది. దాని డుగ్‌డుగ్ చప్పుడు వెనక లెక్క చాలా తేలిక. నాలుగు స్ట్రోకుల ఇంజన్, ఒక్కటే సిలిండర్. నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతూ నిలబడి ఉంటే ఐదు వందల పేలుళ్ళు, అంటే సెకనుకి ఎనిమిది. మన చెవి వాటిని దాదాపు విడివిడిగా లెక్కపెట్టగలదు. అదే దాని ఆకర్షణ. గుండె కొట్టుకున్నట్టుందని అంటారు చూడండి, నిజానికి గుండెకి ఆరేడు రెట్ల వేగం అది. అయినా ఆ పోలిక మనకి అబద్ధం అనిపించదు.

ఆ గొట్టం మార్చడం ఏమంత కష్టం కాదు. ఇంజన్ తల దగ్గర్నుంచి వచ్చేది బెండ్ పైపు. దానికి క్లాంపుతో తగిలి ఉంటుంది సైలెన్సర్. వెనక ఫుట్‌రెస్ట్ దగ్గర ఒక బోల్టు. తుప్పు పట్టి ఉంటే కాస్త నూనె పోసి ఒక రాత్రి ఆగాలి. బెండ్ పైపు కూడా విప్పితే గాస్కెట్ కొత్తది వేయాలి. అరగంట పని. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది, చాలామంది చెయ్యనిది అదే. గొట్టంలో అడ్డు తగ్గితే ఇంజన్ లోపలికి గాలి ఎక్కువొస్తుంది. కార్బరేటర్ మాత్రం పాత లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తుంది. మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక టపాకాయలు పేలుతాయి. ఆ పేలుడు కోసమే గొట్టం మార్చేవాళ్ళున్నారు గానీ, అది ఇంజన్ చేస్తున్న ఫిర్యాదు. మంచి ఉస్తాద్ అయితే జెట్టు మార్చి, రెండు రోజులు నడిపించి, ప్లగ్గు విప్పి రంగు చూస్తాడు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, నల్లగా ఉంటే ఎక్కువైంది, ఇటుక రంగుంటే సరిపోయింది. ఇంత చేసినా, మామూలు బుల్లెట్‌లో ఒక్క గొట్టం మార్చినంత మాత్రాన పెరిగే శక్తి చెప్పుకోదగ్గది కాదు. పెరిగేది చప్పుడు.

అయితే గొట్టానికి శక్తితో సంబంధమే లేదా? ఉంది. ఎంతుందంటే, దాని కోసం ఒక మనిషి దేశం దాటి పారిపోయాడు.

తూర్పు జర్మనీలో త్షోపావ్ అనే చిన్న ఊళ్ళో ఎంజెడ్ కంపెనీ రేసు విభాగానికి పెద్ద వాల్టర్ కాడెన్. డబ్బు లేదు, మంచి లోహాలు దొరకవు. చేతిలో ఉన్నది టూ స్ట్రోక్ ఇంజన్, పందెపు లోకం చిన్నచూపు చూసే పేదవాళ్ళ ఇంజన్. దానికి వాల్వులుండవు. సిలిండర్ గోడకి రంధ్రాలుంటాయి. కాలిన పొగ బయటకి పోయేటప్పుడే కొత్త పెట్రోలు గాలి లోపలికొస్తుంది, అందులో కొంత పొగతో పాటే బయటకి జారిపోతుంది. తలుపు లేని ఇల్లన్నమాట. ఆ ఇంటికి తలుపుని కాడెన్ గొట్టంలో వెతికాడు. తనకంటే ముందు డీకేడబ్ల్యూ ఇంజనీర్లు మొదలుపెట్టిన ఆలోచనని పట్టుకుని, గొట్టంలో పీడనం ఎలా ఎగిసిపడుతోందో ఆసిలోస్కోపు తెర మీద చూస్తూ దాని ఆకారాన్ని దిద్దాడు.

సూత్రం ఇది. పొగ బయటకి వచ్చే క్షణాన గొట్టంలో ఒక పీడన తరంగం బయల్దేరుతుంది. గొట్టం గరాటులా వెడల్పవుతూ పోతే, ఆ వెడల్పు నుంచి వెనక్కి వచ్చే తరంగం పీల్చే తరంగం. అది సిలిండర్లో మిగిలిన పొగని లాగేస్తుంది, కాస్త కొత్త మిశ్రమాన్ని కూడా గొట్టంలోకి లాగుతుంది. ఆ తర్వాత గొట్టం మళ్ళీ సన్నబడితే, ఆ సన్నబడే గోడకి తగిలి వెనక్కి వచ్చేది నెట్టే తరంగం. జారిపోయిన కొత్త మిశ్రమాన్ని అది సిలిండర్లోకి తిరిగి తోస్తుంది, సరిగ్గా రంధ్రం మూసుకోబోయే ముందు. కదిలే భాగం ఒక్కటి కూడా లేదు. రేకుని సరైన కోణంలో, సరైన పొడవులో చుట్టడమే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, హార్డ్‌వేర్ కొనే డబ్బు లేనివాడు టైమింగుతో చేసిన పని. 1961 నాటికి కాడెన్ 125 సీసీ ఇంజన్ 25 గుర్రాల శక్తినిచ్చింది, అంటే లీటరుకి రెండు వందలు. టర్బోలు, సూపర్‌చార్జర్లు లేకుండా అప్పటిదాకా ఎవరూ చేరని చోటు.

ఆ ఏడాది సెప్టెంబరు. బెర్లిన్ గోడ లేచి నెల రోజులు. ఎంజెడ్ రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ 125 సీసీ ప్రపంచ టైటిల్‌కి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. స్వీడన్ పందెంలో అతని ఇంజన్ పాడైపోయింది. ఆ రాత్రికి అతను త్షోపావ్ వైపు పోలేదు, పశ్చిమానికి పోయాడు. భార్యాపిల్లల్ని అప్పటికే కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. ఆ నవంబరులో అతను జపాన్‌లో, సుజుకీ దగ్గర ఉన్నాడు, బుర్రలో కాడెన్ కొలతలతో. 1962లో సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు, టూ స్ట్రోక్‌కి అదే మొదటి ప్రపంచ టైటిల్. 1964లో యమహా 250 సీసీ గెలిచింది. 1975లో 500 సీసీ కూడా. కాడెన్ ఎంజెడ్‌లోనే ఉండిపోయాడు, ఒక్క ప్రపంచ టైటిల్ కూడా దక్కకుండా.

ఆ ఆకారం వారసత్వమే 1985 నవంబరులో యమహా ఆర్‌ఎక్స్ 100 రూపంలో మన దేశానికొచ్చింది. ఎస్కార్ట్స్ కంపెనీతో కలిసి, మొదట్లో జపాన్ నుంచి వచ్చిన భాగాల్ని ఇక్కడ బిగించి అమ్మారు. 98 సీసీ, 11 గుర్రాల శక్తి, బరువు వంద కిలోలకి అటూఇటూ. పైకి నున్నటి క్రోమ్ సైలెన్సర్, లోపల వెడల్పై మళ్ళీ సన్నబడే గది. పందెపు బండంత పదునైన ఆకారం కాదు గానీ సూత్రం అదే. నిమిషానికి 7,500 చుట్ల దగ్గర సెకనుకి 125 పేలుళ్ళు. బుల్లెట్ దరువు వేస్తుంది, ఇది సన్నాయిలా సాగదీసి పాడుతుంది.

కాజీపేట రైళ్ళ కూతలు, ఆజంజాహి మిల్లు సైరన్ ఈ నగరపు ఉమ్మడి చప్పుళ్ళు. సంస్థ కూస్తే ఊరు లేచేది. ఆర్‌ఎక్స్ 100 వచ్చాక ఒక మనిషి చప్పుడు మొదలైంది: ఫలానావాడు వస్తున్నాడని మలుపు తిరగకముందే తెలిసిపోయేది. నిర్ణయించిన వేళకి మోగే సైరన్ కింద బతికిన ఊళ్ళో, తనకంటూ ఒక శబ్దం ఉండటం కుర్రవాడికి చిన్న విషయం కాదు. ఆ కోరికని నేను వెక్కిరించలేను.

కానీ దానికి ఎంచుకున్న దారి చూడండి. "బాఫిల్ తీసేయ్ అన్నా, పికప్ చూడు ఎట్లుంటదో!" బాఫిల్ అంటే సైలెన్సర్ తోక దగ్గర ఉండే చప్పుడు తగ్గించే భాగం. దాన్ని పీకడంతో ఆగితే నష్టం ప్రధానంగా చెవులకే. కొందరు అక్కడితో ఆగలేదు. లోపలి గది కోసేశారు, తోక నరికేశారు, బెజ్జాలు పొడిచారు. అంటే నెట్టే తరంగాన్ని పుట్టించే గోడనే తీసేశారు. దేశం దాటి వచ్చిన రహస్యాన్ని రంపంతో కోసి చెత్తలో పడేసి, బండి స్పీడైందనుకున్నారు. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది మరి.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన విద్య కూడా మన గల్లీల్లోనే ఉండేది. టూ స్ట్రోక్ ఇంజన్ పెట్రోలుతో పాటు నూనెని కూడా కాలుస్తుంది. కొన్నాళ్ళకి సైలెన్సర్ లోపల మసి పేరుకుని దారి మూసుకుపోతుంది, బండి మందగిస్తుంది. అప్పుడు ఉస్తాద్ దాన్ని విప్పి, మంట పెట్టి మసి కాల్చి, తట్టి రాల్చి, బాఫిల్ తుడిచి మళ్ళీ బిగించేవాడు. బండికి పోయిన ప్రాణం తిరిగొచ్చేది. ఏ ముక్కా కొయ్యకుండా, ఏ ముక్కా కలపకుండా. కాడెన్ పేరు అతను విని ఉండకపోవచ్చు. గొట్టం ఇంజన్‌లో సగమని మాత్రం అతని చేతులకి తెలుసు. ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ సంగతి పుస్తకంలో చాలా పేజీల తర్వాత గానీ తగల్లేదు.

1996లో ఉద్గారాల నియమాలు బిగిసిన వేళకి ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయింది. సైలెన్సర్ గొడవ మాత్రం ఆగలేదు. ఇవాళ తెలుగు పట్టణాల్లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించడం మామూలైపోయింది. చట్టం ఏమంటోందో చూడటం మంచిది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వది, ప్రతి వాహనానికీ సైలెన్సర్ ఉండాలంటుంది. ఆ సైలెన్సర్ పొగ చప్పుడుని వ్యాకోచ గది ద్వారా గానీ ఇంకోలా గానీ వీలైనంత తగ్గించాలని చెబుతుంది. వ్యాకోచ గది! కాడెన్ శక్తి కోసం గీసిన గదిని ఇంజనీర్లు పిలిచే పేరు కూడా అదే. చట్టం దాన్ని నిశ్శబ్దం కోసం అడిగింది, అతను వేగం కోసం గీశాడు.

1988 చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటని గట్టిపరిచింది. 2000 సంవత్సరపు శబ్ద నియమాలు ఆసుపత్రుల చుట్టూ వంద మీటర్లని నిశ్శబ్ద మండలం అన్నాయి: పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40. ఇప్పుడు మన ఎంజీఎం ఆసుపత్రిని ఊహించుకోండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి వచ్చినవాళ్ళు వార్డుల్లో, వాళ్ళ తాలూకు జనం ఆరుబయట. ఆ రోడ్డు మీద రాత్రి రెండింటికి ఒక ఫ్రీ ఫ్లో గొట్టం పోతుంది. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పదింతలు. ఆ రోడ్డు పక్కన పడుకున్నవాడికి కోర్టుకెళ్ళే ఓపిక లేదు, బ్రూక్‌లాండ్స్ పక్క ఇళ్ళవాళ్ళలా లాయర్లని పెట్టుకునే డబ్బూ లేదు. అతని తరఫున ఉన్నది ఆ రోడ్ రోలరొక్కటే అయితే, దాన్ని నేను తప్పుపట్టను. ఊరేగింపుల డీజే బాక్సుల దగ్గరికి కూడా అదే రోడ్ రోలర్ ఎందుకు పోదని అడిగే హక్కు మాత్రం ఆ కుర్రాడికుంది.

ఇంటిముందు గచ్చు మీది పని ఎలాగూ ముగింపుకొస్తోంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్ళలో గొట్టం లోపల పొగని శుద్ధిచేసే కన్వర్టర్ ఉంది, ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్ ఉంది. ఆ సెన్సర్ చెప్పేది విని ఈసీయూ పెట్రోలు కొలుస్తుంది. గొట్టం మారిస్తే ఇప్పుడు ఫిర్యాదు టపాకాయలా మాత్రమే రాదు, మీటర్ మీద పసుపు దీపంలా వస్తుంది. గొట్టం ఇంజన్‌లో భాగమేనని చివరికి బండే చెబుతోంది. ఇక ఎలక్ట్రిక్ కార్లకి గొట్టమే లేదు. అవి మరీ నిశ్శబ్దంగా వస్తే నడిచేవాళ్ళకి ప్రమాదమని యూరప్‌లో 2021 నుంచి కొత్త ఎలక్ట్రిక్ కార్లన్నిటికీ తక్కువ వేగంలో స్పీకరుతో చప్పుడు చెయ్యడం తప్పనిసరి చేశారు. ఆ చప్పుడు ఎంత ఉండాలో, ఎంతకి మించకూడదో కూడా రాశారు.

పక్కవాడికి వినపడేంత, పక్కవాడు లేవనంత. బ్రూక్‌లాండ్స్‌లో ఊరివాళ్ళు అడిగిందీ దాదాపు ఇదే.